సేంద్రియం అంటే మందు కొట్టలేదని కాదు
సేంద్రియ పంటకు పురుగుమందే వాడరు, కాబట్టి కడగకుండా తిన్నా ఫర్వాలేదని ఒక వ్యాసంలో రాసిన మాటను నేను ఒప్పుకోలేను. సేంద్రియ సాగులో నిషేధం ప్రధానంగా కృత్రిమ రసాయనాల మీదే. వేపనూనె, గంధకం, రాగి మందులు, చామంతి జాతి పూల నుంచి తీసే పైరెత్రిన్, మట్టి బాక్టీరియా నుంచి తయారయ్యే స్పైనోసాడ్ లాంటివి చాలా దేశాల నిబంధనలు అనుమతిస్తాయి. సహజమైనది కదా అని నేనూ పెరట్లో పూత మీద పట్టపగలే స్పైనోసాడ్ కొట్టాను. తడి ఆరకముందు అది తేనెటీగలకు విషమని తర్వాత చదివి చాలా బాధపడ్డాను. ఇప్పుడు అవసరమైతే తేనెటీగలు తిరగని సాయంత్రం వేళ, అదీ పూతను వదిలేసి కొడుతున్నాను. రాగి సంగతి కూడా చూడాలి. అది మట్టిలో విరిగిపోదు, ఏళ్ల తరబడి పేరుకుని వానపాములకు చేటు చేస్తుంది. అందుకే యూరోపియన్ యూనియన్ హెక్టారుకు 7 ఏళ్లలో 28 కిలోలు దాటకూడదని పరిమితి పెట్టింది. మొక్కల వేర్ల నుంచి తీసే రోటెనోన్‌నూ ఒకప్పుడు సహజమనే వాడారు, అది చేపలకు ప్రాణాంతకం. సేంద్రియ పంటల్లో కృత్రిమ మందుల అవశేషాలు సాధారణంగా తక్కువే ఉంటాయి, అది నిజం, నేనూ అవే కొంటాను. కానీ ఏ కూరగాయనైనా ధారగా పడే నీళ్ల కింద చేత్తో రుద్ది కడిగాకే వండుతాను. అమ్మేవాళ్లను కూడా ‘మందు కొట్టారా’ అని కాదు, ‘ఏ మందు, కోతకు ఎన్ని రోజుల ముందు’ అని అడుగుతున్నాను.