స్లాబు రోజు నేను బస్తాలు లెక్కపెట్టాను

మా ఇంటికి వచ్చినవాళ్లు హాల్లో కూర్చుని, మంచినీళ్లు తాగి, ఒకసారి తలెత్తి ఫ్యాను వైపు చూస్తారు. తర్వాత కుర్చీని ఓ మూరెడు పక్కకు జరుపుకుంటారు. పైకి ఏమీ అనరు, మర్యాదస్తులు కదా. మా నాన్నగారికి అలాంటి మొహమాటాలు లేవు. ఆ ఫ్యాను కింద కూర్చోనని మొదటి రోజే తేల్చి చెప్పేశారు.

ఆ ఫ్యాను బోల్టు మీద వేలాడుతోంది. ఆ బోల్టు ఎందుకొచ్చిందో చెప్పాలంటే మేస్త్రి దగ్గర్నుంచి మొదలెట్టాలి.

రాజమండ్రి శివార్లలో నాకు 167 గజాల స్థలం ఉంది. బ్యాంకులో గుమాస్తాను. మేస్త్రి మొదటిసారి కలిసినప్పుడే "మేనేజరుగారూ" అని పిలిచాడు. నేను దిద్దలేదు. ఆ పిలుపు విలువ తర్వాత చదరపు అడుగు రేటులో తెలిసింది. లేబర్ కాంట్రాక్టు మాట్లాడుకున్నాం, సరుకు నాది, పని అతనిది. అడ్వాన్సు చేతిలో పెట్టేదాకా నేను "ఏమయ్యా మేస్త్రీ" అనేవాణ్ణి. పెట్టిన మర్నాటి నుంచి "మేస్త్రిగారూ, వీలు చూసుకుని ఒక్కసారి వచ్చి వెళ్తారా" అనడం అలవాటైంది.

చదరపు అడుగంటే అడుగు పొడవు, అడుగు వెడల్పు అని బళ్లో చదువుకున్నవాణ్ణి. మేస్త్రి టేపులో దానికి సన్‌షేడ్లూ, మెట్లూ, మెట్ల మీది గదీ కూడా వచ్చి కలుస్తాయి. "సన్‌షేడు కింద మనం ఉండంగదయ్యా" అంటే, "వానొత్తే ఉంటారు కదండీ" అన్నాడు. సమాధానం దొరక్క సగం కొలతకు ఒప్పుకున్నాను.

పునాది అయ్యాక మనిషి కనిపించడం మానేశాడు. ఫోన్ చేస్తే "ఆయ్, దారిలో ఉన్నానండి" అనేవాడు. ఆ దారి ఎక్కడికి పోతుందో కనుక్కుందామని ఓ రోజు స్కూటర్ వేసుకుని వెనకాలే వెళ్లాను. కడియం వైపు ఒక ఇంటికి ప్లాస్టింగ్ చేయిస్తున్నాడు. ఆ ఇంటాయన నాకంటే ముందు అడ్వాన్సు ఇచ్చి, నాలాగే దారిలో ఉన్నవాడి కోసం ఎదురుచూసినవాడు. ఇద్దరం టీ తాగుతూ లెక్కలు చెప్పుకున్నాక వ్యాపారం అర్థమైంది. నా అడ్వాన్సుతో ఆయన ఇంటి ప్లాస్టింగ్ జరుగుతోంది. నా స్లాబుకు ఇంకెవరో పాపం అడ్వాన్సు ఇవ్వబోతున్నారు. మేస్త్రికి అయిదు సైట్లు ఉంటాయి, అయిదింటికీ ఊపిరి ఆడాలి. పూర్తిగా ఆగితే ఓనరు తిరగబడతాడు, పూర్తిగా అయిపోతే డబ్బు రావడం ఆగిపోతుంది. అందుకని వారానికోసారి ఇద్దరు మనుషుల్ని పంపి, ఇసుక ఇటు నుంచి అటు పోయించి, "పని జరుగుతాందండి" అనిపించేవాడు. పోనీ వేరే మేస్త్రిని పెట్టుకుందామా అంటే, ఒకడు మొదలెట్టిన పని ఇంకొకడు పట్టుకోడు. ఆ విషయంలో వాళ్లకున్న కట్టుబాటు మా బ్యాంకు యూనియన్‌కు కూడా లేదు.

ధవళేశ్వరం మాకు దగ్గరే. కాటన్ దొర 1847లో ఆనకట్ట పని మొదలుపెట్టి 1852 కల్లా పూర్తి చేశాడు. అంత గోదావరికి అడ్డంగా, నాలుగు ముక్కలుగా, అయిదేళ్లలో. నా 167 గజాలకు శంకుస్థాపన నుంచి స్లాబు దాకా పద్నాలుగు నెలలు పట్టింది. ఆదివారాలు అక్కడి కాటన్ మ్యూజియం ముందు నిలబడి, ఈయనకు మేస్త్రి ఎక్కడ దొరికి ఉంటాడా అని ఆలోచించేవాణ్ణి.

ఇక ప్లాను. ఇంజనీరుగారు గీసిచ్చినప్పుడు మూడు జిరాక్సులు తీయించాను. ఒకటి మేస్త్రికి, ఒకటి ఎలక్ట్రీషియన్‌కు, ఒకటి నాకు. ఆ ప్లానులో హాలు వాయవ్యం వైపు, పడకగది ఈశాన్యం వైపు ఉన్నాయి. నెల తిరక్కుండా మా మామగారు సిద్ధాంతిగారిని వెంటబెట్టుకొచ్చారు. ఆయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "హాలు ఈశాన్యానికి రావాలి, బాత్రూమ్ వాయవ్యానికి పోవాలి" అన్నారు. ఇంజనీరుగారిని అడిగితే, "స్తంభాలు మారవు, గదులే కదా మారేది" అని నా జిరాక్సు మీద, మేస్త్రి జిరాక్సు మీద ఎర్ర పెన్నుతో కొత్త గోడలు గీసి పంపించారు. తర్వాత మా ఆవిడ నా జిరాక్సు మీద పెన్సిల్‌తో వంటింటి అరుగు తిప్పింది.

ఎలక్ట్రీషియన్ జిరాక్సు మాట ఎవరికీ గుర్తులేదు. అతను చాలా జాగ్రత్తైన మనిషి. కాగితం చెమటకూ సిమెంటు నీళ్లకూ పాడవుతుందని, ఇచ్చిన రోజే సొంత డబ్బుతో ల్యామినేషన్ చేయించుకున్నాడు.

స్లాబు దగ్గరపడింది. ఈలోగా నేను సగం ఇంజనీర్ని అయిపోయాను. చువ్వ మందాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే హెచ్చవేసి 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. పన్నెండు ఎంఎం చువ్వయితే 0.89 కిలోలు. పన్నెండు మీటర్ల చువ్వ పదిన్నర కిలోల పైచిలుకు తూగాలి. ఈ లెక్క కాగితం మీద రాసుకుని వెళ్లి ఇనుము కొట్టువాణ్ణి ఒక పూటంతా విసిగించాను. తూకం సరిపోయింది. సరిపోయినందుకు నాకు కొంచెం నిరాశ కూడా కలిగింది.

ముందు రోజు సాయంత్రం నేను సిమెంటు కోసం వెళ్లినప్పుడు ఎలక్ట్రీషియన్ వైర్ల పైపులూ, ఫ్యాను తగిలించే కొక్కెం ఉండే ఫ్యాను బాక్సులూ చువ్వల మధ్య బిగించి వెళ్లాడట. తెల్లవారుజామున పైకెక్కి చూశాను. కింద సరుగుడు బాదుల అడవి, పైన సెంట్రింగ్ రేకులు, వాటి మీద చువ్వల వల, ఆ వలలో తెల్లటి పైపులు. ఎంత ముచ్చటగా ఉందో! పిల్లర్లు తప్ప కింద ఒక్క గోడ లేదు కాబట్టి ఏది హాలో, ఏది వంటిల్లో నాకెలా తెలుస్తుంది? ఫోటో తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాను. మా బావమరిది "సూపర్ బావా" అని రాశాడు. ఇంజనీరుగారు వచ్చి చువ్వల మధ్య దూరం కొలిచి, చువ్వలు రేకులకు అంటకుండా కింద పెట్టే కవర్ బ్లాకులు ఉన్నాయో లేదో చూసి, "కానివ్వండి" అన్నారు. చువ్వలు చూడటం ఆయన పని, ఫ్యాన్లు కాదు.

కాంక్రీటు కలిపే మిల్లరు మొదలైతే ఇక ఎవరి మాట ఎవరికీ వినపడదు. కంకర, ఇసుక, సిమెంటు పోస్తుంటే నేను గొడుగేసుకుని బస్తాల దగ్గర నిలబడ్డాను. 125 బస్తాలు తెప్పించాను. మిల్లర్లో ఒక్కో బస్తా పడగానే పిల్లరు మీద సుద్దముక్కతో ఒక గీత, అయిదోదానికి అడ్డగీత. ఖాళీ సంచులు కూడా విడిగా ఎంచాను, ఎందుకంటే సంచి నాదా మేస్త్రిదా అనే తగాదా మా మధ్య అప్పటికే నడుస్తోంది. "నీళ్లు ఎక్కువ పొయ్యకండి, బలం తగ్గుతుంది" అని మధ్యమధ్యలో అరుస్తున్నాను. పలచగా ఉంటే జారుడుగా పడుతుందని వాళ్ల ఆశ. నేను తల తిప్పినప్పుడల్లా ఒక బకెట్టు లోపలికి పోతూనే ఉంది.

సాయంత్రం కోడికూర భోజనాలు. స్లాబు రోజు కూర సరిగ్గా లేకపోతే ఆ ఇల్లు కారుతుందని మేస్త్రి శాస్త్రం. చివరికి నా గీతలు 125, ఖాళీ సంచులు 121. నాలుగు తక్కువ! చీకట్లో టార్చి వేసుకుని వెతికాను. రెండు సంచులు ఎవరో నెత్తిన గొంగళిలా కప్పుకున్నారు, ఒకటి కోడికూర డేగిసా కింద ఉంది. నాలుగోది ఇప్పటికీ దొరకలేదు. అయినా ఆ రాత్రి దేశాన్ని కాపాడి వచ్చిన సైనికుడిలా నిద్రపోయాను.

తర్వాత మడులు కట్టి నీళ్లు పెట్టాం. రోజూ పొద్దున్నే బ్యాంకుకు వెళ్లేముందు వరిచేను చూసుకునే రైతులా మడులు చూసుకునేవాణ్ణి. రెండు వారాలకు బాదులు తీశారు, గోడలు లేచాయి. హాలు హాలులా కనిపించిన రోజు మా ఆవిడను తీసుకెళ్లాను. ఆమె నడిమధ్యలో నిలబడి, కొంగుతో చెమట తుడుచుకుని, పైకి చూసింది.

"ఏమండీ, ఇక్కడ ఫ్యాను ఎక్కడ పెడతారు?"

నేనూ పైకి చూశాను. నున్నగా, అరచేయిలా ఉంది పైకప్పు. ఇద్దరం గది గదికీ తలలెత్తి తిరిగాం. ఒక ఫ్యాను బాక్సు హాలుకూ దేవుడి గదికీ మధ్య గోడ మీద దొరికింది. సగం ఇటు, సగం అటు. ఇంకొకటి బాత్రూమ్‌లో. నాలుగున్నర అడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవున్న బాత్రూమ్‌కు సరిగ్గా నట్టనడుమ.

ఆ సాయంత్రం పంచాయితీ. సిమెంటు బస్తాల మీద మూడు ప్లానులూ పరిచాం. మేస్త్రిది నలిగి, తడిసి, ఎర్ర గీతలతో ఉంది. నాది ఎర్ర గీతల మీద పెన్సిల్ గీతలతో ఉంది. ఎలక్ట్రీషియన్‌ది అద్దంలా మెరుస్తూ, మచ్చ లేకుండా, గీసిన రోజున ఎలా ఉందో అలాగే ఉంది. అతను టేపు తెచ్చి కొలిచి చూపించాడు. ఆ ప్లాను ప్రకారం ఒక్క అంగుళం తేడా లేదు.

"కొత్త ప్లాను నాకు ఇచ్చారా సార్?" అని మెల్లగా అడిగాడు.

దిద్దుబాటు ఉందని చెక్కులు వెనక్కి పంపే ఉద్యోగం నాది. కౌంటర్లో ఎంతమంది బతిమాలినా కరిగేవాణ్ణి కాను. అలాంటి నేను నా ఇంటి కాగితం మీద ఇంజనీరుగారినీ, సిద్ధాంతిగారి మాటనీ, మా ఆవిడనీ ఎవరికి తోచినట్టు వాళ్లను గీయనిచ్చి, మూడోవాడికి చెప్పడం మరిచాను. ఏం మాట్లాడాలో తెలియక ఆ నాలుగో సంచి సంగతి ఎత్తాను. ఎవరూ పట్టించుకోలేదు.

"గాడి కొట్టి పైపు తిప్పితే?" అన్నాను.

"స్లాబుని ముట్టుకుంటే కారుద్దండి. అప్పుడు మళ్లీ నన్నే తిడతారు. గాలి ఎక్కడైనా గాలేనండి మేనేజరుగారూ" అన్నాడు మేస్త్రి.

చివరికి ఎలక్ట్రీషియనే దారి చూపించాడు. డ్రిల్లుతో బెజ్జం వేసి యాంకర్ బోల్టు బిగించి, గోడ మీదుగా కేసింగ్ పైపులో వైరు తెచ్చాడు. నమ్మకం కలిగించడానికి ఆ కొక్కెం పట్టుకుని రెండు కాళ్లూ ఎత్తేసి వేలాడాడు. మనిషి ఒక సిమెంటు బస్తా బరువుంటాడు. అందరం చప్పట్లు కొట్టాం.

నాన్నగారు మాత్రం కుర్చీలోంచి కదలకుండా, "ఫ్యాను తిరుగుతుందిరా. అతను తిరగలేదుగా" అన్నారు.

ఇక బాత్రూమ్ సంగతి. అక్కడి కొక్కెం చువ్వలకు చుట్టి, కాంక్రీటులో పాతుకుపోయి ఉంది. ఇంటి మొత్తంలో అంత గట్టి కొక్కెం లేదు. "అంత గట్టిది ఉట్టినే ఎందుకు వదిలెయ్యాలి, చిన్న ఫ్యాను పెట్టేద్దాం" అంది మా ఆవిడ. పెట్టాం.

గృహప్రవేశం వైశాఖంలో వచ్చింది. హోమం పొగ, నూట యాభై మంది చుట్టాలు, బయట రోహిణి కార్తె రాకముందే రోళ్లు పగిలే ఎండ. హాల్లో అందరూ గోడలకు ఆనుకుని కూర్చున్నారు, మధ్యలో ఖాళీ. బాత్రూమ్ ముందు మాత్రం వరస. లోపలికి వెళ్లినవాళ్లు ఒక పట్టాన బయటికి రావడం లేదు. మా పెద్దత్తయ్య రెండుసార్లు వెళ్లింది. మూడోసారి కూడా వెళ్లబోతుంటే మావయ్య ఆపారు. నాన్నగారు ఆ రోజు మొదలు పేపరు చదవడం అక్కడే.

మొన్న ఆదివారం పొద్దున్నే మేస్త్రి తలుపు కొట్టాడు. పిలవకుండా రావడం అదే మొదటిసారి. వెనక ఒక పెద్దమనిషి, కొత్త పార్టీ. మేస్త్రి నన్ను దాటుకుని, హాలు వైపు కన్నెత్తి కూడా చూడకుండా, ఆయన్ను తిన్నగా బాత్రూమ్‌కు తీసుకెళ్లి స్విచ్చి వేశాడు. లోపల నాన్నగారు లేకపోవడం మా అదృష్టం.

"ఇది మన స్పెషలండి. బాక్సు స్లాబులోనే పెట్టించేత్తాం. మేనేజరుగారు దగ్గరుండి చేయించుకున్నారు. అదనంగా కొంచెం అవుద్దనుకోండి."

ఆ పెద్దమనిషి కాసేపు ఆ గాలికి నిలబడ్డాడు. బయటికి వచ్చాక నన్ను పక్కకు పిలిచి, మీ ప్లాను జిరాక్సు ఒకటి ఇస్తారా అని అడిగాడు.

"ఏ ప్లానండీ?" అన్నాను.