వెయ్యి వాట్ల ఎస్‌ఎంపీఎస్ గంటకు యూనిట్ తాగుతుందా?

అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో ఈ మధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. ఎవరు రాశారో లేదు, కింద తప్పక షేర్ చేయమని మాత్రం ఉంది. పిల్లలకు ఖరీదైన గేమింగ్ కంప్యూటర్ కొనిపెట్టాలనుకునే తల్లిదండ్రుల కోసం రాసిందట. అందులో చెప్పింది క్లుప్తంగా ఇదీ: వెయ్యి వాట్ల పవర్ సప్లై పెడితే గంటకు ఒక యూనిట్ ఖర్చు, రోజుకు ఆరు గంటలు ఆడితే నెలకు 180 యూనిట్లు, యూనిట్‌కి పది రూపాయల లెక్కన 1800 బిల్లు. ప్రాసెసర్ ఇంటెల్ ఐ9 కాకపోతే గ్రాఫిక్స్ కార్డు మీద పెట్టిన డబ్బు దండగ. హైదరాబాద్ ఎండలకు వాటర్ కూలింగ్ లేని పీసీ మాడిపోతుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే యూపీఎస్ అక్కర్లేదు. చివరగా, కార్డు అమెరికాలో ఉన్న చుట్టాలతో తెప్పించుకుంటే సగం ధరకే వస్తుంది.

పూర్తిగా గాలి కబుర్లైతే నవ్వి వదిలేయొచ్చు. కానీ ప్రతి ముక్కలోనూ కాస్త నిజం ఉంది, ఆ కాస్తనీ పట్టుకుని ఎక్కడికో తీసుకెళ్లారు. దీన్ని నమ్మినవాళ్లు ఖర్చు లేనిచోట భయపడుతున్నారు, ఉన్నచోట చూసుకోవడం లేదు.

ముందు ఆ వెయ్యి వాట్ల సంగతి. పవర్ సప్లై, అంటే మన షాపుల్లో ఎస్‌ఎంపీఎస్ అనేది, దాని డబ్బా మీద ఉన్న అంకె అది గరిష్ఠంగా ఇవ్వగలిగే శక్తి. లోపలి భాగాలు ఎంత అడిగితే అంతే ఇస్తుంది. స్కూటర్ మీటర్ మీద 120 దాకా అంకెలున్నాయని పంజాగుట్ట ఫ్లైఓవర్ మీద ఎవరూ 120లో పోరు కదా.

నిజంగా ఎంత లాగుతుందో చూద్దాం. ఆర్‌టీఎక్స్ 5080 అనే గ్రాఫిక్స్ కార్డుకి దాని తయారీదారు ఎన్విడియా పెట్టిన హద్దు 360 వాట్లు. ఆటల్లో చాలాసార్లు అంతకంటే తక్కువే వాడుతుంది. ఏఎండీ కంపెనీ రైజెన్ 7 7800ఎక్స్3డి లాంటి ప్రాసెసర్ ఆట నడిచేటప్పుడు డెబ్భై, ఎనభై వాట్ల దగ్గర ఉంటుంది. మదర్‌బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఫ్యాన్లు కలిపి ఇంకో యాభై. ఎస్‌ఎంపీఎస్ 80 ప్లస్ గోల్డ్ రకమైతే (కరెంటు వృథా తక్కువని ఇచ్చే గుర్తింపు ఇది) గోడ నుంచి తీసుకున్న దాంట్లో సుమారు పదో వంతు వేడిగా పోతుంది. మానిటర్ కూడా కలిపితే మొత్తం 550 వాట్ల చుట్టుపక్కల. అంటే గంటకు అర యూనిట్ కంటే కొంచెం ఎక్కువ. మెసేజ్ చెప్పినట్టు రోజుకు ఆరు గంటలు ఆడినా నెలకు వంద యూనిట్లు, 180 కాదు. (రోజుకు ఆరు గంటలు ఆడేవాడికి కరెంటు బిల్లు కంటే పెద్ద సమస్యలుంటాయి, అది వేరే విషయం.)

నా మాట నమ్మనక్కర్లేదు. అపార్ట్‌మెంట్ కింద మీటర్ల బోర్డు దగ్గరికి వెళ్లండి. మీ మీటర్ మీద చిన్న ఎర్ర లైటు మిణుకుమంటూ ఉంటుంది, పక్కన యూనిట్‌కి 1600 అనో 3200 అనో ఇంపల్స్ లెక్క రాసి ఉంటుంది. ఇంట్లో ఫ్రిజ్‌తో సహా అన్నీ ఆపేసి, బరువైన ఆట ఒకటి నడపమని పిల్లాడికి చెప్పి, నిమిషం పాటు ఆ మిణుకులు లెక్కపెట్టండి. 3200 మీటర్ అయితే ముప్ఫై దాకా వస్తాయి. గంటకు యూనిట్ నిజమైతే యాభై మూడు రావాలి.

అయితే 550 వాట్లకు అంత పెద్ద ఎస్‌ఎంపీఎస్ ఎందుకని అడగొచ్చు. ఈ కార్డులు సెకనులో వెయ్యో వంతు కంటే తక్కువ సేపు తమ హద్దును బాగా దాటి కరెంటు గుంజుతాయి. ఆ క్షణంలో చిన్న ఎస్‌ఎంపీఎస్ తట్టుకోలేక ఆగిపోతుంది, ఆట మధ్యలో పీసీ ఠక్కున ఆరిపోతుంది. అందుకే ఎస్‌ఎంపీఎస్‌లకు ఏటీఎక్స్ 3.0 అనే ప్రమాణం వచ్చింది, అందుకే ఎన్విడియా 5080కి 850 వాట్లు, 5090కి వెయ్యి వాట్లు పెట్టుకోమంటుంది. డబ్బా మీద ఉన్న ఆ అంకెతో బిల్లు లెక్క కట్టడం కుదరదు.

ఇక రేటు. తెలంగాణలో ఇళ్లకు యూనిట్ పది రూపాయలనేది నెలకు 800 దాటాక, ఆ పైన వాడిన యూనిట్లకు మాత్రమే. 2022 ఏప్రిల్‌లో వచ్చిన స్లాబుల ప్రకారం, వాడకం వంద దాటి 200 లోపు ఉంటే మొదటి వందకు యూనిట్ 3.40, రెండో వందకు 4.80. మొత్తం 200 దాటిందో, మొదటి యూనిట్ నుంచే లెక్క మారిపోతుంది: మొదటి 200కి 5.10, తర్వాతి వందకు 7.70, ఆపై వందకు 9, 800 దాకా 9.50.

రోజుకు మూడు గంటల ఆట, నెలకు 50 యూనిట్లు అనుకుందాం. నెలకు 120 వాడే ఇల్లు 170కి వెళ్తే అదనంగా పడేది 240 రూపాయలు. 320 వాడే ఇల్లు 370కి వెళ్తే 450. కానీ 180 వాడే ఇల్లు 230కి వెళ్తే? నిన్నటిదాకా 724 కట్టేవాళ్లు 1251 కడతారు. అంటే 527 పెరిగింది. ఫిక్స్‌డ్ ఛార్జీలూ పన్నూ ఇందులో కలపలేదు. ఈ ఒక్క ఇంటికి యూనిట్ పదిన్నర పడింది చూడండి, మెసేజ్ రాసినాయన అంకె ఇక్కడ అనుకోకుండా నిజమైంది. 200 గీత దాటడానికి పడే దెబ్బ ఇది, గ్రాఫిక్స్ కార్డు తప్పు కాదు. గృహజ్యోతి కింద జీరో బిల్లు వస్తున్న ఇల్లయితే ఇంకా ఘోరం. 200 దాటిన నెల మొత్తం బిల్లూ కట్టాల్సిందే, సున్నా కాస్తా 1251 అవుతుంది. గేమింగ్ పీసీ కొనే ముందు చూడాల్సిన కాగితం ఏదైనా ఉంటే అది పోయిన ఏడాది కరెంటు బిల్లులు, అందులోనూ మీ ఇల్లు 200కి ఎంత దూరంలో ఉందన్నది.

మెసేజ్ అసలు ఊసే ఎత్తనిది ఏసీ. పీసీ లాగిన 550 వాట్లూ చివరికి ఆ గదిలో వేడిగానే దిగుతాయి, ఒక చిన్న రూమ్ హీటర్ పెట్టుకున్నట్టే. ఏప్రిల్, మే నెలల్లో తలుపులు మూసి, ఏసీ వేసుకునే ఆడతారు. ఒకటిన్నర టన్నుల ఏసీ సుమారు 5200 వాట్ల వేడిని బయటికి తోయగలదు కాబట్టి పీసీ వేడిని తోయడం దానికి పెద్ద పని కాదు, ఇంకో 150 వాట్లు ఎక్కువ తింటుందంతే. అసలు ఖర్చు ఆ ఏసీ వేయడమే. పీసీ హాల్లో ఉండి, అందరూ కూర్చునే ఏసీ కిందే ఆడితే అదనంగా పడేది దాదాపు ఏమీ లేదు. ఒక్కడి కోసం ఇంకో గదిలో ఇంకో ఏసీ నడిస్తే మాత్రం, చాలా ఇళ్లలో ఆ ఏసీ ఖర్చు పీసీని దాటిపోతుంది.

రెండోది, రాత్రంతా ఆన్‌లో వదిలేయడం. ఇప్పటి ఆటలు వంద జీబీ దాటుతున్నాయి, డౌన్‌లోడ్‌కి పెట్టి పడుకుంటారు. అది మధ్యలోనే అయిపోతుంది, పీసీ తెల్లారేదాకా ఊరికే 80 వాట్లు తింటూ కూర్చుంటుంది. రోజూ పది గంటలు ఇలా వదిలితే నెలకు 24 యూనిట్లు, అంటే ఆటకయ్యే దాంట్లో సగం. స్లీప్‌లో పెడితే పోయేది.

ఇంకా తగ్గించాలంటే ఫ్రేములకు హద్దు పెట్టండి. మానిటర్ 120 హెర్ట్జ్ అయితే, అంటే సెకనుకు 120 ఫ్రేములే (బొమ్మలే) చూపగలిగితే, కార్డు 300 ఫ్రేములు గీయడం ఎవరి కోసం? కొన్ని ఆటల్లో మెనూ తెర మీద ఊరికే నిలబడ్డా కార్డు ఫ్యాన్లు గుర్రుమంటాయి, కారణం ఇదే. కార్డు పవర్ లిమిట్‌ని ఐదో వంతు తగ్గించినా వేగం సాధారణంగా పది శాతం కూడా పడిపోదు. దీనికి రూపాయి ఖర్చు లేదు.

ఐ9 మాట కొద్దాం. ప్రాసెసర్ నెమ్మదైతే కార్డు ఖాళీగా కూర్చుంటుందన్నది నిజమే. ముఖ్యంగా 1080పి మానిటర్ మీద వందల ఫ్రేములతో షూటింగ్ ఆటలు ఆడేవాళ్లకు అది తెలుస్తుంది. కానీ 4కె మానిటర్ మీద పని మొత్తం కార్డు మీదే పడుతుంది, అక్కడ మంచి మధ్యరకం ప్రాసెసర్‌కీ అన్నిటికన్నా ఖరీదైనదానికీ తేడా కనిపెట్టడం కష్టం. పైగా ఆటల వరకు ముందుండేవి ఎక్స్3డి ప్రాసెసర్లు. 7800ఎక్స్3డిలో ఎల్3 క్యాష్, అంటే ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన మెమరీ, 96 ఎంబీ ఉంటుంది, ఆటలకు కలిసొచ్చేది అదే. దాని టీడీపీ, అంటే కంపెనీ చెప్పే వేడి లెక్క, 120 వాట్లు. ఐ9-14900కె పూర్తి జోరులో 253 దాకా వెళ్లేలా తయారైంది. వీడియో ఎడిటింగ్, రెండరింగ్ చేసుకునేవాళ్లకు ఐ9లో ఉండే ఎక్కువ కోర్లు పనికొస్తాయి, ఆడుకోవడానికి మాత్రం కాదు. ఇంకో మాట: ఇంటెల్ 13, 14 తరాల పెద్ద ప్రాసెసర్లకు వోల్టేజీ వల్ల దెబ్బతినే జబ్బు బయటపడి, 2024లో కంపెనీ మైక్రోకోడ్ (ప్రాసెసర్‌ని నడిపే లోపలి ఆదేశాల) సవరణ ఇచ్చి, వారంటీ రెండేళ్లు పెంచింది. సెకండ్ హ్యాండ్‌లో ఐ9 చవగ్గా వస్తోందని ఎగబడే ముందు ఆ సవరణ ఎప్పుడు వేశారో అడగండి. అప్పటికే దెబ్బతిన్న ముక్కను ఆ సవరణ బాగు చేయదు.

మిగిలిన డబ్బు ఎక్కడ పెట్టాలంటే నేనైతే మానిటర్ అంటాను. ర్యామ్ 32 జీబీ చాలు. ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల 2025 చివర్లో ర్యామ్ ధరలు ఎలా ఎగిశాయో సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చినాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొటేషన్ అడిగినవాళ్లకు చెప్పక్కర్లేదు. షోకు కోసం 64 పెట్టుకునే కాలం కాదు.

వాటర్ కూలింగ్ విషయం చిన్నది. ఆ నీళ్లు కూడా చివరికి గదిలో గాలితోనే చల్లబడాలి, 38 డిగ్రీల గదిలో ఏ కూలరూ ప్రాసెసర్‌ని 38 కిందికి తేలేదు. వేడెక్కితే మాడిపోవడం కూడా ఉండదు. 7800ఎక్స్3డి 89 డిగ్రీల దగ్గర, 14900కె వంద దగ్గర తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. 80 వాట్ల ప్రాసెసర్‌కి మంచి ఎయిర్ కూలర్ హాయిగా సరిపోతుంది, అందులో పాడయ్యే పంపు లేదు. హైదరాబాద్‌లో అసలు శత్రువు దుమ్ము. క్యాబినెట్ ముందు జాలీ బూడిద రంగులోకి మారిందంటే కడగాల్సిన టైమ్ దాటిపోయినట్టే. (ఎవరో సొంతంగా కట్టుకున్న వాటర్ కూలింగ్ గొట్టాల్లో బోరు నీళ్లు పోశారని విన్నాను. దయచేసి వద్దు.)

నిజంగా మాడినవి వేరే ఉన్నాయి. 2022లో ఆర్‌టీఎక్స్ 4090 వచ్చిన కొత్తలోనే దానికి కరెంటు అందించే 12వీహెచ్‌పీడబ్ల్యూఆర్ కనెక్టర్లు కరిగిపోయిన కేసులు బయటికొచ్చాయి. చాలావాటిలో ప్లగ్ చివరిదాకా దిగలేదని తేలింది. ఆ చిన్న ప్లగ్ మోయాల్సింది 600 వాట్ల దాకా. తర్వాత దాన్ని మార్చి 12వీ-2ఎక్స్6 అని తెచ్చారు, అయినా జాగ్రత్త అదే: సందు కనిపించకుండా చివరిదాకా నొక్కాలి, ప్లగ్ పక్కనే వైరు మడత పడకూడదు, గాజు తలుపు దాన్ని ఒత్తకూడదు. మే నెల ఎండకీ దీనికీ సంబంధం లేదు, వాటర్ కూలింగ్ దీన్ని ఆపదు.

ఇన్వర్టర్ చాలన్నది ఈ మెసేజ్‌లో నాకు చిరాకు తెప్పించిన ముక్క. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే లోపు సందు ఉంటుంది. ఆ సందులో ఎస్‌ఎంపీఎస్ తనలో దాచుకున్న దాంతో నెట్టుకురాగలిగేది రకాన్నీ భారాన్నీ బట్టి సుమారు 12 నుంచి 17 మిల్లీసెకన్లు. చాలా ఇన్వర్టర్లకు వెనక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటుంది. అది వేయకపోతే ఈ సందు ఇంకా పెద్దది, పీసీ రీస్టార్ట్ అయిపోతుంది. స్విచ్ వేసినా, 900 వీఏ ఇన్వర్టర్ ఇచ్చేది 700, 750 వాట్ల దగ్గరే. నాలుగు ఫ్యాన్లు, లైట్లు, మీద 550 వాట్ల పీసీ అంటే ఓవర్‌లోడ్ అని కీచుమంటుంది. షాపువాళ్లు చేతిలో పెట్టే 600 వీఏ యూపీఎస్ కూడా ఇంతే, అది మోసేది 360 వాట్లు. ఆట ఆపి, సేవ్ చేసి, షట్‌డౌన్ కొట్టడానికి ఐదు నిమిషాలు కావాలంటే 1000 వాట్లు మోసే సైన్ వేవ్ (గోడ కరెంటు లాగే సాఫీగా ఇచ్చే) యూపీఎస్ చూసుకోండి, రెండు మూడేళ్లకోసారి బ్యాటరీ మార్పిడి కూడా లెక్కలో వేసుకోండి. దానికంటే ముందు ఎర్తింగ్. పాత అపార్ట్‌మెంట్లలో క్యాబినెట్ ముట్టుకుంటే వేళ్లు జివ్వుమంటున్నాయంటే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి, కార్డు తర్వాత కొనొచ్చు.

ఆఖరిది అమెరికా కార్డు. 2025 జనవరిలో 5080కి అక్కడ పెట్టిన ధర 999 డాలర్లు, ఇక్కడ 1,07,000 రూపాయలు. అప్పటి మారకంలో 999 అంటే 86 వేల చిల్లర. ఇరవై వేలు మిగిలినట్టే ఉంది కానీ అమెరికా ధర మీద అమ్మకం పన్ను కలపలేదు, మన ధరలో 18 శాతం జీఎస్టీ కలిసే ఉంది. డాలస్‌లో కొంటే 8.25 శాతం పన్ను పడి 93 వేలు దాటుతుంది. మిగిలింది పదమూడు వేల పైచిలుకు, సగం ఎక్కడుంది? ఇక్కడ దిగేటప్పుడు కస్టమ్స్ మినహాయింపు దాటితే సుంకం ఉంటుంది, అది కూడా తెచ్చిన మనిషి నెత్తినే. వారంటీ చాలా కంపెనీలు కొన్న దేశంలోనే ఇస్తాయి, ఏ బ్రాండ్ సంగతి ఏమిటో కొనకముందే చూసుకోవాలి. ఆరు నెలలకు కార్డు మొరాయిస్తే, దాన్ని వెనక్కి తీసుకెళ్లడానికి మీ బావగారు మళ్లీ ఎప్పుడు వచ్చి వెళ్తారో కనుక్కుని ఆగాలి.