ఊరికి రిజల్ట్ చెప్తే సైన్స్ ఏమైపోవాలి?

పల్లెల్లో హెల్త్ రీసెర్చ్ చేసేవాళ్ళకి ఈమధ్య కొత్త తలనొప్పి మొదలైంది, జనం రిపోర్ట్ అడుగుతున్నారంట. రక్తం ఇచ్చాం కదా, ఏం తేలింది అంటున్నారంట. ఇదేం చోద్యం అండీ! ఇవ్వడం వరకే ఊరి డ్యూటీ. ఆ రక్తం ఫ్రీజర్‌కి, అక్కణ్ణుంచి ఎక్సెల్‌కి, ఎక్సెల్ నుంచి జర్నల్‌కి, జర్నల్ నుంచి సార్ ప్రమోషన్‌కి వెళ్తుంది, వెనక్కి ఊరికి రావడానికి గ్రాంట్‌లో అసలు హెడ్డే లేదు. అంత కావాలంటే పేపర్ ఆన్‌లైన్‌లో ఉంది, ఇంగ్లీషులో, డబ్బులు కడితే తెరుచుకుంటుంది. ఊరి పేరు మాత్రం వెతక్కండి, గోప్యత కోసం "క్లస్టర్ 7" అని పెట్టాం.

సర్వే ఎంత పకడ్బందీగా చేస్తామో వీళ్ళకేం తెలుసు. నెత్తిన గడ్డిమోపుతో వస్తున్న ఆవిణ్ణి ఆపి "అమ్మా, ఖాళీ టైంలో వారానికి ఎన్ని నిమిషాలు ఎక్సర్‌సైజ్ చేస్తారు?" అంటాడు కుర్రాడు. "బేగి కానీ బాబూ, మెడ లాగేస్తంది" అంటుందావిడ. ట్యాబ్‌లో మెడకి ఆప్షన్ లేదు, సున్నా కొట్టి నెక్స్ట్ నొక్కుతాడు (పాపం వాడి తప్పేం లేదు, ఖాళీ వదిలేస్తే స్క్రీన్ కదలదు). ఏడాది తర్వాత గ్రాఫ్‌లో ఆవిడ వ్యాయామం లేని మహిళ. మా సిఫార్సు: రోజూ వాకింగ్.

ఇంత సాఫీగా సాగే వ్యవహారాన్ని చెడగొట్టింది మహారాష్ట్రలోని గడ్చిరోలి వాళ్ళే. అభయ్ బంగ్, రాణీ బంగ్ అని డాక్టర్ దంపతులు, జనం సమస్యేంటో జనాన్నే అడుగుతాం అని కూర్చున్నారు. అక్కడితో ఆగారా, 39 ఊళ్ళలో ఊరి ఆడవాళ్ళకే ట్రైనింగ్ ఇచ్చి పసిబిడ్డ బరువు చూడ్డం, ఊపిరి లెక్కపెట్టడం, ఒళ్ళు చల్లబడకుండా చుట్టడం, ఆఖరికి ఇన్ఫెక్షన్‌కి ఇంజెక్షన్ వెయ్యడం కూడా నేర్పేశారు. మూడో ఏడాదికల్లా నవజాత శిశు మరణాలు, కంట్రోల్ ఊళ్ళతో (అంటే ఇవేవీ చెయ్యకుండా పోల్చడానికి ఉంచిన ఊళ్ళతో) పోలిస్తే, 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ అనే మెడికల్ జర్నల్‌లో వేశారు. బాధ్యత ఉండక్కర్లేదా? సమస్యే తగ్గిపోతే రేపు ప్రపోజల్ దేని మీద రాసుకోవాలి?

మన సిస్టం తొందరపడే రకం కాదు కాబట్టి సరిపోయింది. గడ్చిరోలిలోలాగే ఆశా వర్కర్లు ఇంటింటికీ వెళ్ళి పసిబిడ్డల్ని చూసే పద్ధతి దేశమంతా పెట్టడానికి 2011 దాకా ఆగింది. 1999లో పుట్టిన బిడ్డ అప్పటికి ఆరో క్లాసో ఏడో క్లాసో, బతికుంటే. రీసెర్చ్ ఆచరణలోకి రావడానికి 17 ఏళ్ళు పడుతుందని మా వాళ్ళు తరచూ చెప్పే లెక్క, ఆ లెక్కన ఇది 5 ఏళ్ళు ముందే వచ్చేసింది. అంత దూకుడు ఎవరు చేశారో ఎంక్వైరీ వెయ్యాల్సిందే.