రాళ్లు రెండో పేరాలోనే ఉన్నాయి

మా అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. పోయిన వారం తన ఇంగ్లిషు నోట్సు తిరగేస్తుంటే షర్లీ జాక్సన్ కథ 'ది లాటరీ'కి గైడులోంచి దించుకున్న జవాబు కనిపించింది. ఇతివృత్తం: మూఢాచారాలను పాటించరాదు. ప్రతీక: నల్లపెట్టె మరణానికి చిహ్నం. ముగింపు: ఎవరూ ఊహించని మలుపు. ఇంతే. ఈ మూడు ముక్కలు రాస్తే మార్కులు వస్తాయట, సొంతంగా ఏమైనా రాస్తే పోతాయట. తను ఒకసారి అలా రాసి పోగొట్టుకుంది కూడా. ఆ సంగతికి తర్వాత వస్తాను. పాతికేళ్లుగా అమెరికన్ కథలను ఇష్టంగా చదువుకుంటున్న నాకు ఆ పేజీ చూసి బాధా కలిగింది, కోపమూ వచ్చింది.

ముందు ఆ 'ఊహించని మలుపు' సంగతి చూద్దాం. 1948 జూన్ 26 నాటి న్యూయార్కర్ సంచికలో ఆ కథ వచ్చింది. ఏటా నల్లపెట్టెలోంచి చీటీలు తీసి, గుర్తున్న చీటీ వచ్చిన మనిషిని ఊరంతా కలిసి రాళ్లతో కొట్టి చంపే ఆచారం గురించిన కథ అది. మూడు వందల మంది ఉన్న ఊరు, జూన్ 27 ఉదయం పది గంటల వేళ, ఎండ కాస్తోంది, పచ్చిక ఏపుగా ఉంది. మధ్యాహ్నం భోజనాల వేళకు అందరూ ఇళ్లకు చేరేలా రెండు గంటల్లోపు పని ముగుస్తుందని రచయిత్రి మొదటి పేరాలోనే చెబుతుంది. రెండో పేరాలో పిల్లలు వస్తారు. బాబీ మార్టిన్ అప్పటికే జేబుల నిండా రాళ్లు కుక్కుకున్నాడు. మిగతా మగపిల్లలు నున్నగా, గుండ్రంగా ఉన్న రాళ్లను ఏరుతున్నారు. మైదానం మూలన పెద్ద కుప్ప పోసి, దాన్ని ఎవరూ ఎత్తుకుపోకుండా కాపలా కాస్తున్నారు. అంటే ఆమె మన దగ్గర ఏదీ దాచలేదు. రాళ్లను మన కళ్లముందే పెట్టింది, పిల్లల ఆట అనుకుని మనమే దాటి వెళ్లాం. ఆ ఊరివాళ్లు తమ ఆచారాన్ని ఎలా చూస్తున్నారో, మొదటిసారి చదివేటప్పుడు మనమూ ఆ రాళ్లను అలాగే చూశాం. కథ వస్తువు అక్కడ ఉంది, ఆ దాటి వెళ్లడంలో. దాన్ని 'మలుపు' అనే ఒక్క మాటతో సరిపెడితే పాఠకుడికి తన పాత్ర ఏమిటో ఎప్పటికీ తెలియదు. ఆ వేసవిలో ఆమెకు మూడు వందలకు పైగా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో కొన్ని, ఇలాంటి లాటరీలు ఎక్కడ జరుగుతాయి, వెళ్లి చూడవచ్చా అని అడిగినవి. ఆమె చూపించదలచుకున్నది ఆ ఉత్తరాలలోనే బయటపడిందని నాకనిపిస్తుంది.

ఇక చివరికి ఆ చీటీ వచ్చే టెస్సీ హచిన్‌సన్. గైడులన్నీ ఆమెను 'అమాయక బాధితురాలు' అని ఒక్క మాటలో తేల్చేస్తాయి. మరి కథలో? ఆ రోజు ఏమిటో మరిచిపోయానంటూ ఆలస్యంగా, నవ్వుతూ వస్తుంది. భర్తను చీటీ తీయడానికి పిలిచినప్పుడు "వెళ్లు బిల్, వెళ్లు" అని తనే తోస్తుంది, చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతారు. గుర్తున్న చీటీ తమ ఇంటికి వచ్చిందని తెలిసిన తర్వాతే ఆమెకు అది అన్యాయంగా కనిపిస్తుంది. అప్పుడు కూడా ఆమె అడుగుతున్నది లాటరీ ఆపమని కాదు. పెళ్లయి వెళ్లిపోయిన కూతురు ఈవానూ అల్లుడు డాన్‌నూ కూడా చీటీల్లో కలపమంటుంది. చీటీలు తీసే తలలు పెరిగితే తన మీద పడే అవకాశం తగ్గుతుంది కదా! కూతుళ్లు భర్త కుటుంబంతోనే చీటీ తీయాలన్న నియమాన్ని లాటరీ నడిపే సమ్మర్స్ మెత్తగా గుర్తుచేస్తాడు. ఈ నాలుగు మాటలలో ఒక తల్లి ఏం చేసిందో చదివాక, 'మూఢాచారాలు వద్దు' అన్న వాక్యం ఈ కథకు ఎంత చాలదో ఎవరికైనా తెలుస్తుంది.

మా అమ్మాయి మార్కులు పోగొట్టుకున్నది ఈ విషయం రాసినందుకే. ఇంటర్నల్ పరీక్షలో టెస్సీ తన కూతురిని ముందుకు తోసిందని రాస్తే 'అనవసరం' అని ఎర్రసిరాతో కొట్టేశారు. ఎవరినీ వేలెత్తి చూపాలని చెప్పడం లేదు, దిద్దేవారికి ఎన్ని కట్టల పేపర్లు ఉంటాయో నాకు తెలుసు. కానీ ఆ ఎర్రగీత కింద ఉన్నది ఆ సమాధానపత్రం మొత్తంలో ఒక్కటే ఒక్క నిజమైన పఠనం.

అదే నోట్సులో కేట్ షోపాన్ కథ 'ది స్టోరీ ఆఫ్ యాన్ అవర్' కూడా ఉంది. 1894 నాటి కథ, మొత్తం కలిపి వెయ్యి పదాలకు అటూ ఇటూ. రైలు ప్రమాదంలో భర్త పోయాడని గుండెజబ్బున్న భార్యకు మెల్లగా చెబుతారు. ఆమె ఏడ్చి, గదిలోకి వెళ్లి, తెరిచిన కిటికీ ముందు కూర్చుని, తాను స్వేచ్ఛ పొందానని గ్రహిస్తుంది. గంట తిరగకుండా భర్త తాళంచెవితో తలుపు తీసుకుని లోపలికి వస్తాడు, ఆమె చనిపోతుంది. 'క్రూరుడైన భర్త నుంచి విముక్తి' అని గైడు రాసింది. ఆ భర్త క్రూరుడని కథలో ఒక్క మాట లేదు. అతని ముఖం తనను ప్రేమతో తప్ప చూడలేదని ఆమే తలుచుకుంటుంది. మంచివాడైన భర్త ఉన్నా ఆమెకు ఊపిరాడలేదు అన్నదే కథ బలమంతా, దాన్ని తీసేస్తే మిగిలేది మామూలు గొడవ.

ఆమెను రచయిత్రి ఏమని పిలుస్తుందో గమనించండి. మొదటి వాక్యంలో ఆమె మిసెస్ మాలర్డ్. ఆ తర్వాత ఎక్కువగా 'ఆమె'. గదిలో స్వేచ్ఛ అన్న మాట ఆమె పెదవుల మీదికి వచ్చాకనే, తలుపు అవతల నుంచి ఆమె తోబుట్టువు జోసెఫిన్ "లూయిస్" అని పిలుస్తుంది. ఆమెకు సొంత పేరు ఉందని మనకు అప్పుడు తెలుస్తుంది. భర్త గుమ్మంలోకి రాగానే అతని స్నేహితుడు రిచర్డ్స్, ఆమె కంట పడకుండా అతనికి అడ్డుపడతాడు. అక్కడ ఆమె మళ్లీ 'అతని భార్య'. పేరు వచ్చింది, పేరు పోయింది. ఏ గైడూ దీన్ని ప్రస్తావించదు, ఎందుకంటే 'ప్రతీక' అన్న గడిలోనూ 'వ్యంగ్యం' అన్న గడిలోనూ ఇది ఇమడదు. చివరి వాక్యంలో డాక్టర్లు ఆమె ఆనందంతో చనిపోయిందంటారు. ఆ గదిలో ఏం జరిగిందో ఆమెకూ మనకూ తప్ప ఎవరికీ తెలియదు, ఆమె ఇక లేదు.

మిగతావాటి గతీ ఇంతే. ఓ. హెన్రీ 1905లో రాసిన క్రిస్మస్ కానుకల కథను 'నిస్వార్థ ప్రేమ' అని మూసేస్తారు. అందులో భార్య డెల్లా కూరగాయలవాడి దగ్గరా మాంసం కొట్టులోనూ సిగ్గుపడుతూ బేరమాడి కూడబెట్టిన ఒక డాలరు ఎనభై ఏడు సెంట్లను, ఆమె మూడుసార్లు లెక్కపెట్టుకోవడాన్ని వదిలేస్తారు. హెమింగ్వే 1927 నాటి కథలో రైల్వే స్టేషన్‌లో మాట్లాడుకునే జంట గర్భస్రావం అన్న మాటను ఒక్కసారి కూడా పలకదు. గైడు మొదటి వాక్యంలోనే దాన్ని పలికి, పాఠకుడు పడవలసిన శ్రమంతా లాగేసుకుంటుంది. ప్రియుడిని విషంతో చంపి శవాన్ని ఇంట్లోనే ఉంచుకున్న ఎమిలీ గురించి ఫాక్నర్ రాసిన కథలో, చివర దిండు మీద దొరికే నెరిసిన వెంట్రుక అందరికీ గుర్తుంటుంది. ఎమిలీ జుట్టు ఇనుపరంగుకు తిరిగిందని ముందే చెప్పాడు, విషం కొన్న సంగతీ చెప్పాడు, ఇంట్లోంచి వచ్చిన వాసన సంగతీ చెప్పాడు. చెప్పేది 'మేము' అనే ఊరి గొంతు. ఊరికి అన్నీ తెలుసు, ఏదీ కలిపి చూడలేదు.

కథలోని మొదటి వాక్యం నుంచే ప్రతి మాటా ఒకే అనుభూతి వైపు నడవాలని, అలా నడవకపోతే తొలి అడుగులోనే రచయిత ఓడిపోయినట్టని ఎడ్గార్ అలెన్ పో 1842లో హాథార్న్ కథలను సమీక్షిస్తూ రాశాడు. శిల్పమంటే కథకు పైన తొడిగిన చొక్కా కాదని అప్పుడే తేలిపోయింది. మన జవాబుపత్రాలలో మాత్రం వస్తువు ఒక పక్క, శిల్పం ఒక పక్క, ఒక్కోదానికి రెండేసి మార్కులు.

ఈ ఆదివారం గైడు పక్కన పెట్టి, మా అమ్మాయీ నేనూ 'ది లాటరీ'ని మొదటి నుంచి పైకి చదువుకున్నాం. రెండో పేరా దగ్గర తను ఆగి వెనక్కి వెళ్లి మళ్లీ చదివింది. చివరికి వచ్చేసరికి, టెస్సీతో కాసేపటి క్రితం నవ్వుతూ మాట్లాడిన మిసెస్ డెలాక్రాయ్ రెండు చేతులా ఎత్తితే తప్ప లేవనంత పెద్ద రాయి తీసుకుంటుంది. పిల్లల దగ్గర రాళ్లు ముందే ఉన్నాయి. టెస్సీ చిన్న కొడుకు డేవీ చేతికి కూడా ఎవరో కొన్ని గులకరాళ్లు అందిస్తారు.

"ఎవరిచ్చారు నాన్నా?" అని అడిగింది. పేజీ వెనక్కి తిప్పి ఇద్దరం వెతికాం. ఎవరో అనే ఉంది.