గస్తీ తిరిగే చేతికి కర్ర ఎందుకు?

దసరా, సంక్రాంతి సెలవులు దగ్గరపడినప్పుడు, వేసవిలో పిల్లలతో కుటుంబాలు ఊళ్లకు బయలుదేరినప్పుడు, మన నగరాల శివారు కాలనీల్లో ఒక జాబితా తయారవుతుంది. ఇంటికొకరు చొప్పున, రాత్రి 11 గంటల నుంచి తెల్లవారుజామున 4 గంటల వరకు వంతులవారీగా వీధుల్లో తిరగాలని సంక్షేమ సంఘం తీర్మానిస్తుంది. 2021 డిసెంబరులో విజయవాడ పరిసరాల్లో చెడ్డీ గ్యాంగ్ సీసీ కెమెరాలకు చిక్కిన రోజుల్లో ఎన్ని అపార్ట్‌మెంట్ల వాళ్లు నిద్ర మానుకుని కాపలా కాశారో పాఠకులకు గుర్తుండే ఉంటుంది. పొరుగింటి తాళానికి కాపలా కాయడం మంచి పని, అందులో సందేహం లేదు. నా అభ్యంతరం ఆ జాబితాతో పాటు ఇంటింటి నుంచీ బయటికొచ్చే కర్రల మీద. రాత్రి గస్తీకి వెళ్లిన మనిషి క్షేమంగా ఇల్లు చేరాలంటే ముందుగా ఆ కర్రను ఇంట్లోనే వదిలి రావాలని, గస్తీ తిరిగేవాడి భద్రత, దారిన పోయే అపరిచితుడి భద్రత ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయని నేను గట్టిగా నమ్ముతున్నాను.

మన వీధుల్లో ఒకప్పుడు తిరిగిన గూర్ఖాను గుర్తు చేసుకోండి. నెల మొదట్లో గుమ్మం ముందు సెల్యూట్ చేసి ఇచ్చింది పుచ్చుకుని పోయే ఆ మనిషి చేతిలోనూ కర్ర ఉండేది. కానీ దానితో ఆయన ఎవరినీ కొట్టగా మనం చూడలేదు. కరెంటు స్తంభానికేసి టంగుమని కొట్టి, ఈల వేసి, ముందుకు సాగిపోయేవాడు. నిద్రలో ఉన్న మనకు అది ధైర్యం, గోడ పక్కన నక్కినవాడికి అది హెచ్చరిక. అంతకు ముందు తరాల కావలివాళ్లు వేసిన పారాహుషార్ కేకలో ఉన్న తెలివి కూడా ఇదే. దొంగను పట్టుకోవాలనుకునేవాడు చప్పుడు చేయకుండా చీకట్లో మాటు వేస్తాడు. దొంగతనం జరగకూడదనుకునేవాడు తాను వస్తున్నానని ఊరంతటికీ వినపడేలా చెబుతూ నడుస్తాడు. మొదటి పని పోలీసుది, రెండోది కావలివాడిది. ఈ తేడాను మరిచిపోయిన క్షణం నుంచే మన కాలనీ గస్తీలు ప్రమాదంలో పడ్డాయి.

వెలుతురు, చప్పుడు, సంఖ్య అనే మూడు బలాలు చాలు. ఎప్పుడూ ఇద్దరికి తగ్గకుండా నడవడం, మంచి టార్చిలైటు, ఈల, నిండా చార్జింగు ఉన్న ఫోను, అందులో 112తో పాటు స్థానిక బీట్ కానిస్టేబుల్ నంబరు ఉంటే కావలసినవన్నీ ఉన్నట్టే. వీటికి వెలుగు పడితే మెరిసే చొక్కా ఒకటి కలపాలి, ఎందుకంటే అర్ధరాత్రి కాలనీ రోడ్డు మీద నల్ల చొక్కాతో నిలబడిన మనిషికి, తాగి కారు నడుపుతూ వచ్చేవాడు దొంగకంటే నిజమైన మృత్యువు. వీధికుక్కల సంగతి హైదరాబాద్ వాసులకు చెప్పనక్కర్లేదు. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో చిన్నారి ప్రాణం తీసిన ఘటన ఇంకా మనసును కలచివేస్తూనే ఉంది. కుక్క కరిస్తే, వంతు ముగిసేదాకా ఆగకుండా, గాయాన్ని సబ్బుతో ధారగా 15 నిమిషాలు కడిగి ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లాలి. ఇవన్నీ ఎవరో ఒకరు చెబుతారు గానీ అసలు ప్రమాదాన్ని ఎవరూ చెప్పరు. 4 గంటల దాకా మేలుకున్న మనిషి 8 గంటలకు బైకు మీద ఆఫీసుకు బయలుదేరతాడు. ఆ నిద్రమత్తులో ఔటర్ రింగు రోడ్డు సర్వీసు దారిలో జరగబోయే ప్రమాదం గస్తీ లెక్కలో చేరదు. 5 గంటల వంతును రెండుగా విడగొట్టడం, మర్నాడు డ్యూటీ ఉన్నవారికి మొదటి సగమే ఇవ్వడం ఏ సంఘానికీ కష్టం కాదు.

ఇక కర్ర విషయానికి వస్తాను. కొన్నేళ్ల క్రితం మా కాలనీలో రాత్రి 2 గంటలకు సంచీతో నడిచి వెళ్తున్న ఒక కుర్రాణ్ణి గస్తీవాళ్లు ఆపారు. ఫంక్షన్ హాల్లో వడ్డన పని ముగించుకుని, బస్సులు లేక నడిచిపోతున్నాడు. సంచీలో ఉన్నది ఒక జత బట్టలు, చెల్లెలి కోసం దాచిన మిఠాయి పొట్లం. భయంతో అతనికి మాట తడబడింది, ఆ తడబాటే మావాళ్లకు నేరాంగీకారంలా వినిపించింది. ఎవరో చెయ్యి ఎత్తారు. ఒక పెద్దాయన అడ్డుపడకపోతే ఏం జరిగేదో తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది. మా వాళ్లెవరూ చెడ్డవాళ్లు కాదు. అయితే చేతిలో ఆయుధం ఉన్న అలసిన మనిషికి ఎదుటివాడి ప్రతి కదలికా దాడిలాగే కనిపిస్తుంది.

చట్టం ఈ విషయంలో ఏ మాత్రం అస్పష్టంగా లేదు. సామాన్య పౌరుడు మరొకరిని అరెస్టు చేసే సందర్భాన్ని పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 40వ సెక్షన్ చెబుతుంది. ఎదుటివాడు పరారీలో ఉన్నాడని కోర్టు ప్రకటించిన నేరస్థుడైనా కావాలి, లేదా తన కళ్లెదుటే బెయిలుకు వీల్లేని, పోలీసులు నేరుగా కేసు కట్టదగిన నేరమైనా చేసి ఉండాలి. అప్పుడు కూడా అనవసర జాప్యం లేకుండా, 6 గంటలు దాటకుండా పోలీసులకు అప్పగించాలి. అనుమానం అనే మాట అందులో లేదు. అనుమానంతో దారి ఆపితే అది పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 126వ సెక్షన్ కింద నేరం, గదిలో పెట్టి గొళ్లెం వేస్తే 127వ సెక్షన్ కింద నేరం. రాత్రిపూట తలుపు పగలగొట్టి ఇంట్లో జొరబడేవాడి విషయంలో ఆత్మరక్షణ హక్కు విస్తృతమైనదే, కానీ స్తంభానికి కట్టేసిన మనిషి నుంచి ఎవరికీ ముప్పు లేదు కనుక అతనిపై పడే ప్రతి దెబ్బా నేరమే. పైగా చట్టవిరుద్ధ గుంపులో సభ్యుడైతే, ఉమ్మడి ఉద్దేశంతో మరొకడు కొట్టిన దెబ్బకు తానూ బాధ్యుడవుతాడు. ‘నేను కొట్టలేదు, అక్కడ నిలబడ్డానంతే’ అన్నవాళ్లు ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరగవలసి వస్తుంది.

2018 వేసవి మనకు ఈ పాఠాన్ని రక్తంతో నేర్పింది. పార్థీ గ్యాంగ్ వచ్చింది, పిల్లల్ని ఎత్తుకుపోతున్నారు అన్న వాట్సాప్ పుకార్లతో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఊళ్లకు ఊళ్లు కర్రలతో కాపలా కాశాయి. మే నెలలో హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో భిక్షాటనకు వచ్చిన ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు కొట్టి చంపింది. జూలై 13న బీదర్ జిల్లా ముర్కి గ్రామంలో, పిల్లలకు చాక్లెట్లు పంచిన పాపానికి హైదరాబాద్ యువకుడు ఒకరు బలయ్యాడు. రక్షించబోయిన పోలీసులూ గాయపడ్డారు. ఆ రాత్రులలో కర్ర పట్టిన ప్రతివాడూ తాను పిల్లల్ని కాపాడుతున్నాననే నమ్మాడు. తెల్లారేసరికి అక్కడ మిగిలింది ఒక శవం, దానికి జవాబు చెప్పుకోవలసిన గ్రామస్థులు, మగదిక్కు జైలుకు వెళ్లిన ఇళ్లు.

‘పార్థీ’ అన్నది ఒక తెగ పేరు, దొంగల ముఠా పేరు కాదు. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం తెచ్చిన నేరస్థ తెగల చట్టం కొన్ని కులాలను పుట్టుకతోనే దొంగలుగా రాసిపెట్టింది. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం ఎరుకల కుటుంబాలను అదుపులో ఉంచడానికి ఏర్పడిన సెటిల్‌మెంటే. 1952లో ఆ చట్టం రద్దయింది గానీ, కాలనీ గ్రూపుల్లో తిరిగే హెచ్చరికల్లో అది ఇంకా బతికే ఉంది. బుడగ జంగం, గంగిరెద్దులవాడు, తలమీద మూటతో వచ్చే వలస కూలీ మొదటి అనుమానితులు అవుతారు. ఖరీదైన కారులో వచ్చినవాణ్ణి ఎవరూ ఆపరు.

2018 వేసవిలోనే జోగులాంబ గద్వాల జిల్లా మరో దారి చూపింది. అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసు సిబ్బందికి గ్రామాలు పంచి, జానపద కళాకారులతో పాటలు పాడించి, దండోరా వేయించి, పుకారును ఎలా గుర్తించాలో ప్రజలకు చెప్పించారు. పొరుగు జిల్లాల్లో గుంపులు తిరుగుతున్న రోజుల్లో అక్కడి ఊళ్లకు ఫోను చేయడానికి ఒక తెలిసిన పోలీసు ఉన్నాడు. మనిషిని పేరుతో పిలిచి సహాయం అడగగలిగినప్పుడు కర్ర అవసరం తగ్గుతుందన్నది దీన్నిబట్టి నాకు అర్థమైన విషయం.

పోలీసులు చాలినంతమంది లేరని, ఇనుప రాడ్లతో, రాళ్లతో వచ్చే ముఠా ముందు వట్టి చేతులతో నిలబడమనడం కాలనీవాళ్లను బలిపెట్టడమేనని అంటారు. ముఠాలు ఎదురు తిరిగినవారిపై దాడి చేసే మాట నిజమే. ఆ నిజమే నా వాదనకు బలం. రాత్రి వృత్తిగా దాడికి సిద్ధపడి వచ్చినవారితో, పగలంతా బ్యాంకు కౌంటరులో కూర్చున్న మనిషి కర్రసాము చేసి గెలవలేడు. దూరంగా ఉండి ఈల ఊది, ఇళ్లన్నిటిలో దీపాలు వెలిగించి, 112కు ఫోను చేసి, బండి నంబరు గుర్తుపెట్టుకున్నవాడు నగను పోగొట్టుకోవచ్చు గానీ ప్రాణాన్ని దక్కించుకుంటాడు.

ఇంతకంటే పెద్ద ప్రశ్న మరొకటి ఉంది, కాలనీ గస్తీ గురించి ఆలోచించినప్పుడల్లా నా మనసు అక్కడికే వెళ్తుంది. 2011 జూలై 5న సుప్రీంకోర్టులో జస్టిస్ బి. సుదర్శన్‌రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్ ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఇచ్చిన తీర్పు మన పొరుగు అడవులకు సంబంధించినది. మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వ అండతో సాగిన సల్వా జుడుం సాయుధ దళాల తరుణంలో ఊళ్లు వదిలి అప్పటి ఖమ్మం జిల్లాకు వచ్చిన ఆదివాసీలను చూసినవాళ్లకు అది దూరపు వ్యవహారం కాదు. నెలకు 3,000 రూపాయల గౌరవవేతనంతో, అరకొర శిక్షణతో ఆదివాసీ యువకుల చేతికి తుపాకులిచ్చి ప్రత్యేక పోలీసు అధికారులుగా ముందు వరసలో నిలపడం రాజ్యాంగంలోని 14, 21 అధికరణలకు విరుద్ధమని ఆ తీర్పు తేల్చింది. నన్ను కదిలించినది ఆ తీర్పు చూపిన కరుణ. ఆ యువకుల వల్ల ఇతరులకు కలిగే హానినే కాక, వారి ప్రాణాలనే ప్రభుత్వం పణంగా పెట్టిందన్న సంగతినీ న్యాయస్థానం చూసింది. శిక్షణ లేని పౌరుణ్ణి ప్రమాదం ముందు నిలబెట్టడం అతని జీవించే హక్కుకే భంగం.

అడవిలో తుపాకీకీ, కాలనీలో కర్రకూ పోలిక ఎక్కడని అనవచ్చు. తీవ్రతలో పోలిక లేదు, తర్కంలో ఉంది. 2013 ప్రజాభద్రత చట్టంతో హైదరాబాద్‌లో జనం గుమిగూడే సంస్థలు తమ ఖర్చుతో సీసీ కెమెరాలు పెట్టుకోవలసి వచ్చింది. కాలనీలు పోలీసుల ‘నేను సైతం’ కార్యక్రమం పేరుతో కెమెరాల కోసం చందాలు వేసుకున్నాయి. ఇప్పుడు రాత్రి నిద్ర కూడా ఇస్తున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో తాళం వేసిన ఇంటికి పోలీసులే కెమెరా అమర్చే ఎల్‌హెచ్ఎంఎస్ (లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్) సదుపాయాన్ని ఎంతమంది వాడుకుంటున్నారని కూడా అడగకుండా జాబితాలు రాస్తున్నారు. ప్రజలు సహకరించాలి, కాదనను. కానీ సహకారం అనే మాట వెనుక రాజ్యం తన విధిని నిశ్శబ్దంగా మన భుజాల మీదికి మారుస్తూ పోతుంటే, గస్తీలో దెబ్బతిన్న మనిషి వైద్యఖర్చు ఎవరు భరిస్తారన్న చిన్న ప్రశ్నకు కూడా జవాబు దొరకదు.

అందుకే ఈసారి మా సంఘం జాబితా కాగితం ఇంటికి వచ్చినప్పుడు నేను కొన్ని షరతులు రాసి ఇచ్చాను. గస్తీ తిరిగేవారి పేర్లు ముందుగా పోలీసు స్టేషన్‌లో నమోదు కావాలి. అక్కడి అధికారి ఒకసారి వచ్చి ఎవరిని ఆపవచ్చో, ఎవరిని ఆపకూడదో అందరి ముందు చెప్పాలి. అనుమానితుడి ఫొటో గ్రూపులో పెట్టకూడదు. ప్రతి ఒక్కరికీ ప్రమాద బీమా ఉండాలి. ఎవరి చేతిలోనూ కర్ర ఉండకూడదు. ఇవి జరిగిన రోజున మొదటి వంతు నాదే, అంతవరకు నా పేరు పక్కన ఖాళీగా ఉంచమని కార్యదర్శికి చెప్పాను.