నాలుగు గంటలు చాలు

పూర్వం హోయ్ ఆన్‌కి వచ్చిన వర్తకులకు టైం మేనేజ్‌మెంట్ బొత్తిగా తెలియదు. పదహారు, పదిహేడు శతాబ్దాల్లో చైనా, జపాన్ ఓడలు ఈశాన్య గాలి పట్టుకుని ఈ వియత్నాం రేవుకి చేరేవి. పట్టు, పింగాణీల బేరం ఎప్పుడో తేలిపోయినా, నైరుతి గాలి వీచేదాకా నెలల తరబడి ఇక్కడే పడి ఉండేవాళ్లు. పనిలేని మనిషి ఏం చేస్తాడు? ఇల్లు కట్టాడు, గుడి కట్టాడు, ఇక్కడి పిల్లనే పెళ్లి చేసుకున్నాడు. జపాన్ వాళ్లయితే 1593 ప్రాంతంలో కాలవ మీద పైకప్పుతో సహా వంతెనే మొదలుపెట్టారు. రిటర్న్ టికెట్ లేకుండా బయల్దేరితే ఇలాగే ఉంటుంది.

ఆ లోపాన్ని మన గ్రూప్ టూర్లు సరిదిద్దాయి. పక్కనున్న డానాంగ్ నగరంలో హోటల్ దగ్గర మధ్యాహ్నం బస్సెక్కితే, రాత్రి భోజనాల వేళకి మొత్తం హోయ్ ఆన్ అయిపోవాలి. చేతికొచ్చేది నాలుగు గంటలు. అందులో గంటన్నర ఊరి పక్కన నీటి కొబ్బరి చెట్ల మధ్య బుట్ట పడవలకు పోతుంది. వెదురుతో అల్లిన గుండ్రటి పడవ, అచ్చం మన పుట్టి. కృష్ణలో పుట్టి ఎక్కమంటే "నాకు ఈత రాదు బాబూ" అని గట్టు మీదే కూర్చునే పెద్దాయన, ఇక్కడ లైఫ్ జాకెట్ తొడుక్కుని, పడవవాడు గిరగిరా తిప్పుతుంటే స్పీకర్ పాటకి భుజాలెగరేస్తాడు. కళ్లు తిరిగి దిగాక టిప్పు కూడా ఇస్తాడు. చరిత్ర అధ్యయనానికి ఇంతకన్నా మంచి తయారీ ఉండదు.

మిగిలిన టైంలో అసలు ఊరు. 1999లో యునెస్కో గుర్తించిన ఊరు కాబట్టి పాత ఇళ్లు చూడాలంటే విదేశీయులకు టికెట్ 1,20,000 డాంగ్‌లు, మన లెక్కలో 400 రూపాయల పైచిలుకు. "లోపల పాత చెక్క తప్ప ఏముంది?" అని బస్సులో ఎవరో ఒకరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. టాన్ కీ అనే పాత వర్తకుల ఇంట్లో ఏయే ఏడు నది ఎంత ఎత్తుకి పొంగిందో గోడ మీద గుర్తులు పెట్టుకున్నారు. వరదొస్తే సరుకు పైకి లాగడానికి మేడ నేలకే తలుపు పెట్టుకున్నారు. ఇవన్నీ నిలబడి చూడాల్సినవి. నిలబడితే గైడు జెండా కనిపించకుండా పోతుంది.

దర్జీల సంగతీ అంతే. ఒక్కరోజులో సూటు కుట్టిస్తామని గొప్పగా చెప్పుకుంటారు. మనకున్నది నాలుగు గంటలే అయినప్పుడు ఈ బద్ధకం ఎవరి కోసం? కావ్ లావ్ అనే ఇక్కడి నూడుల్స్ బా లే బావి నీళ్లతో చేస్తేనే అసలువని మరో పట్టుదల. మన గ్రూపుకి ఇండియన్ బఫే ముందే బుక్కయి ఉంటుంది. దాల్ తడ్కా ఏ బావి నీళ్లతోనైనా అవుతుంది.

టైంకి బయల్దేరనివాళ్లకు ఏమవుతుందో ఈ ఊరే చెబుతుంది. తానీ యజిరోబెయ్ అనే జపాన్ వర్తకుడు, తమ ప్రభుత్వం విదేశీ వ్యాపారం ఆపేసి వెనక్కి రమ్మన్నాక కూడా, మనసిచ్చిన అమ్మాయి కోసం మళ్లీ ఇక్కడికే వచ్చాడని కథ. 1647 నాటి అతని సమాధి ఇప్పటికీ పొలాల మధ్య ఉంది. పోలండ్ ఆర్కిటెక్ట్ కాజిమిర్ క్వియాట్‌కోవ్‌స్కీది ఇంకా ఘోరం. దగ్గర్లోని 'మీ సన్' అనే చోట పాతకాలపు చాం రాజులు కట్టిన గుళ్లు బాగుచేయడానికి 1980లలో వచ్చాడు, ఈ పాత ఇళ్లను కూల్చొద్దని పోరాడాడు, చివరికి 1997లో వియత్నాంలోనే పోయాడు. ఇప్పుడు ఊళ్లో విగ్రహమై నిలబడ్డాడు. అదీ మన షెడ్యూల్లో లేదు.

ఇంకో విషయం. నది పూడిపోయి ఓడలు డానాంగ్‌కి మళ్లాక ఈ రేవుని అందరూ మర్చిపోయారు, అందుకే ఇళ్లు మిగిలాయంటారు. ఎవరూ రాకపోవడమే ఊరిని కాపాడిందంటే, వచ్చీ రానట్టు వచ్చిపోయే మనకన్నా దాన్ని బాగా కాపాడేదెవరు?

జపాన్ వంతెన మరమ్మతుకి 2022 చివరి నుంచి 2024 ఆగస్టు దాకా పట్టింది. దానికి టూరులో పది నిమిషాలిస్తున్నారు. ఆ బొమ్మ 20,000 డాంగ్‌ల నోటు మీదే ఉంది, జేబులోంచి తీసి చూసుకోవచ్చు కాబట్టి ఐదు చాలు. మిగిలిన ఐదూ డానాంగ్ దగ్గరి కొండ మీది విహార కేంద్రం బా నా హిల్స్‌కి కలపాలని టూర్ ఆపరేటర్లకు నా మనవి. అక్కడ 2018లో తెరిచిన బంగారు వంతెన, దాన్ని మోస్తున్నట్టు ఫైబర్‌గ్లాస్‌తో చేసిన, రాతివిలా కనిపించే చేతులు ఉన్నాయి. ఆ చేతుల మధ్య వెనకాల ఎవరూ పడకుండా ఫొటో రావాలంటే, ఇప్పుడిస్తున్న ఒక్క రోజు ఏ మూలకీ సరిపోవడం లేదు.