తెలివిని పొమ్మనలేక

పిల్లల్లో తెలివి మరీ ఎక్కువైపోతోందని ఈ మధ్య నాకు టెన్షన్‌గా ఉంటోంది. మొన్న స్కూలు గేటు ముందు కారు ఆపాను. "నాన్నా, బండి ఆగింది కదా, ఇంజిన్ ఎందుకు ఆగలేదు?" అంది మా ఏడేళ్లది. జవాబు తోచక ఏసీ పెంచాను. ఇలాంటి తెలివిని ముఖం మీదే వెళ్లిపొమ్మంటే బాగుండదు. అందుకే పెద్దలమంతా కలిసి పాత పద్ధతినే నమ్ముకున్నాం. పొమ్మనలేక పొగబెడుతున్నాం.

పద్ధతి పాతదే అయినా పనితనం చూడండి. బండి పొగలో ఉండే పీఎం 2.5 అనే ధూళికణం తలవెంట్రుక మందంలో సుమారు 30వ వంతు. ఊపిరితిత్తుల అడుగుదాకా దిగుతుంది. అంతకన్నా సన్నవి రక్తంలోకి జారుకుంటాయి. మరీ నలుసుల్లాంటివైతే ఊపిరితిత్తుల ఊసే ఎత్తవు, వాసన పసిగట్టే నాడి పట్టుకుని నేరుగా మెదడుకే పోతాయి. ముక్కుసూటిగా పోవడమంటే ఇదీ!

లోపలికి వెళ్లాక అసలు తమాషా. మెదడులో మైక్రోగ్లియా అనే కాపలా కణాలుంటాయి. దొంగలు పడ్డారని అవి కర్రలు పుచ్చుకుని బయల్దేరతాయి. దొంగ ఓ పట్టాన దొరకడు, కర్రలు మాత్రం ఆగవు. ఇంట్లో సామాన్లే పగులుతాయి. డాక్టర్లు దీన్ని ఇన్‌ఫ్లమేషన్ అంటారు.

2016లో లాంకస్టర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు మెక్సికో సిటీ, మాంచెస్టర్ వాసుల మెదడు కణజాలాన్ని పరీక్షిస్తే గుండ్రటి మాగ్నటైట్ రేణువులు కనిపించాయి. బాగా వేడి మీద, ఇంధనం మండేచోట పుట్టే రకం. మాగ్నటైట్ అంటే ఇనుము, ఆక్సిజన్ కలిసినది, తుప్పుకు దాయాది. "నీ బుర్రకేమైనా తుప్పు పట్టిందా?" అని మా లెక్కల మాస్టారు అడిగినప్పుడల్లా తిట్టారనుకునేవాణ్ని. పాపం, రోగం కనిపెట్టి చెప్పారన్నమాట.

పెద్దల బుర్రల సంగతి వదిలేద్దాం, అవి ఎలాగూ తయారైపోయాయి. పొగకు ముద్దొచ్చేది పిల్లలే. వాళ్లు మనకన్నా గబగబా ఊపిరి తీస్తారు. పైగా ఎత్తు తక్కువ. గేటు దగ్గర ఒక్కసారి కిందికి వంగి చూడండి. మన నడుము దగ్గర వాళ్ల ముక్కు, ఆ ముక్కుకు కాస్త కిందే సైలెన్సర్. ఇంత చక్కటి అమరిక ఏ ఇంజినీరూ కావాలని గీయలేడు. బార్సిలోనాలో 39 స్కూళ్లలోని 2,700 మందికి పైగా పిల్లల్ని ఏడాదిపాటు గమనించి 2015లో ఫలితం చెప్పారు. చూసిన అంకెల్ని కాసేపు బుర్రలో నిలుపుకునే శక్తి, పొగ ఎక్కువున్న స్కూళ్ల పిల్లల్లో నెమ్మదిగా పెరిగిందట. పెరగలేదనలేదు, నెమ్మది అన్నారు. పిల్లలకు తొందరపాటు మంచిది కాదని మనమే కదా రోజూ చెప్పేది! ఇక ఆలస్యం దేనికని, పుట్టకముందే పరిచయం చేసే ఏర్పాటు కూడా ఉంది. తల్లి కడుపులో బిడ్డను అంటిపెట్టుకుని ఉండే మాయలో (ప్లాసెంటా) బిడ్డవైపున మసి రేణువులు కనిపించాయని 2019లో బెల్జియం పరిశోధకులు తేల్చారు.

ఇలాంటి మంచి పనిలో మనకు అనుభవం తక్కువేమీ కాదు. సీసం కలిపిన పెట్రోల్ 1923లో అమ్మకానికి వచ్చింది. భయమేం లేదని చూపించడానికి దాన్ని కనిపెట్టిన థామస్ మిడ్‌గ్లీ 1924లో విలేకరుల ముందు ఆ సీసం మందుతో చేతులు కడుక్కుని, వాసన కూడా పీల్చాడు. సీసం పిల్లల తెలివిని తగ్గిస్తుందని ఆ తర్వాత రుజువైంది. చివరి బంకులో అమ్మకం ఆగింది మాత్రం 2021లో, అల్జీరియాలో. ఆలస్యమైందని తప్పుబట్టకండి. తెలివి తగ్గించే సరుకు మానుకోవడానికీ తెలివే కావాలి, అదేమో అప్పటికే తగ్గుతోంది.

పోనీ ఇప్పుడైనా ఎవరైనా నిలదీస్తారా అంటే, నాకు నమ్మకం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు దాటిన గాలినే 99 శాతం మంది పీలుస్తున్నారు. మనుషులు ఇంకే విషయంలోనూ ఇంత ఐకమత్యంగా లేరు. పైగా 2020లో మతిమరుపు జబ్బు (డిమెన్షియా) ముప్పు పెంచే వాటి జాబితాలో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్ గాలి కాలుష్యాన్నీ చేర్చింది. అంటే పొగ బెట్టిందెవరో పెద్దయ్యాక గుర్తుచేసుకునే సాక్షి కూడా మిగలడు.

ఇదంతా స్కూలు గేటు ముందు కార్లో కూర్చునే రాస్తున్నాను. గంట కొట్టడానికి ఇంకా పావుగంట. అద్దం దించితే ముందు కారు పొగ, ఎత్తితే ఉక్క. అందుకని ఇంజిన్ ఆపలేదు. నా పొగ వెనక కారాయన చూసుకుంటాడు.

అదుగో, మా అమ్మాయి వచ్చేసింది. దగ్గుతూ ఎక్కి కూర్చుంది. ఇంజిన్ సంగతి ఇవాళ అడగలేదు.